ఇంజన్ ఆయిల్ ఎటు కారిందో ముందు తేల్చుకోండి

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. పరకాల దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచర్‌ను. మా ఆయన షార్జాలో పనిచేస్తారు. రోజూ నేనే కారు నడుపుకుంటూ బడికి పోయి వస్తాను. పెట్రోల్ కారు, కొని మూడేళ్ళ నాలుగు నెలలైంది, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇరవై రోజుల కింద సాయంత్రం బడి నుంచి వస్తుంటే, గూడెప్పాడ్ ఇంకా రాకముందు తెల్ల గీతలు లేని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి కింద గట్టిగా తగిలింది. దిగి చూశాను. చీకటి పడుతోంది, ఏమీ కనపడలేదు. అలాగే వచ్చేశాను. గూడెప్పాడ్ దాటాక డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. ఇంటికి పోయాక చూపిద్దాంలే అనుకున్నాను. ఆరెపల్లి రాకముందే టకటకమని సౌండ్ వచ్చి బండి ఆగిపోయింది, మళ్ళీ స్టార్ట్ కాలేదు. షోరూంకు టోయింగ్ చేయించాను. ఇంజన్ సీజ్ అయింది (లోపల పట్టేసింది), 1,35,000 రూపాయలు అవుతుంది అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోన్ చేస్తే "ఇది మెకానికల్ బ్రేక్‌డౌన్ మేడం, రాదు" అన్నారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది కదా అని షోరూంలో అడిగితే "చాంబర్‌కు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నెకు, దెబ్బ తగిలింది, ఇది యాక్సిడెంట్, వారంటీలో రాదు, ఇన్సూరెన్స్‌లో పెట్టుకోండి" అన్నారు. మా ఆయన ఫోన్‌లో "ఫుల్ ఇన్సూరెన్స్ కట్టినం, బంపర్ టు బంపర్ కట్టినం, వారంటీకి వేరే పైసలు కట్టినం, ఎవ్వరూ ఇయ్యకపోతే ఎట్లా" అని కోపం చేస్తున్నారు. ఇది జరగడానికి మూడు వారాల ముందే షోరూంలో సర్వీస్ కూడా చేయించాను. ఇప్పుడు ఇంజన్ విప్పడానికి సంతకం పెట్టమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరిని అడగాలి?

ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అమ్మా, మిగతాదంతా నింపాదిగా చెబుతాను. ముందు ఒక్క మాట. ఆ సంతకం ఇప్పుడే పెట్టకండి. ఇంజన్ విప్పి, చాంబర్ ఊడదీసి, డీజిల్ పోసి కడిగి పక్కన పెట్టారంటే, ఆయిల్ ఎటు నుంచి కారిందో చెప్పే గుర్తులన్నీ ఆ డీజిల్‌తోనే పోతాయి. మీ 1,35,000 ఎవరు భరించాలన్నది ఆ గుర్తుల మీదే ఆధారపడి ఉంది.

నేను మోటార్ సర్వేయర్‌గా, అంటే దెబ్బతిన్న బండ్లను చూసి నష్టం అంచనా వేసేవాడిగా, చాలా ఏళ్ళు పనిచేశాను. వరంగల్, పరకాల, ములుగు, భూపాలపల్లి రోడ్ల మీద దెబ్బతిన్న బండ్ల కింద టార్చిలైటు పట్టుకుని పడుకున్నవాణ్ణి. మీలాగే ఇన్సూరెన్స్ ఆఫీసుకూ షోరూంకూ మధ్య చెప్పులరిగేలా తిరిగినవాళ్ళను ఎందరినో చూశాను. వాళ్ళు వీళ్ళ వైపు, వీళ్ళు వాళ్ళ వైపు చెయ్యి చూపిస్తారు. ఒకరు బండే చెడిపోయింది అంటే, ఇంకొకరు బయటి దెబ్బ అంటారు. వినేవాళ్ళకు ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారనిపిస్తుంది. కానీ మీ విషయంలో ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉండొచ్చు. చాంబర్ పగలడం బయటి దెబ్బ. ఆ తర్వాత ఆయిల్ లేక ఇంజన్ పట్టేయడం దాని వెనక వచ్చిన నష్టం. రెండూ ఒకే సాయంత్రం, ఒకే బండికి జరిగినా పాలసీ వాటిని వేరువేరుగా చూస్తుంది.

ముందు ఈ "ఫుల్ ఇన్సూరెన్స్" సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సింది థర్డ్ పార్టీ ఒక్కటే. అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు నష్టం జరిగితే ఇచ్చేది. దానికి మన బండి నష్టాన్ని కూడా కలిపితే జనం ఫుల్ అంటున్నారు. అది ఏజెంట్ల నోట పుట్టి ఊరంతా పాకిన మాట. పాలసీలో మన బండి నష్టం గురించి ఉన్న భాగం తీసి చదివితే, ఏయే కారణాలకు డబ్బులిస్తారో వరసగా రాసి ఉంటుంది. మంటలు, పేలుడు, బండి తనంత తాను అంటుకోవడం, పిడుగు, దొంగతనం, అల్లర్లు, సమ్మె, భూకంపం, వరద, తుపాను, వడగళ్ళు, కొండచరియ విరిగిపడటం, ఎవరైనా కావాలని చెడగొట్టడం, టెర్రరిస్టు దాడి, బండిని లారీ మీదో రైలు మీదో తరలిస్తుండగా జరిగిన నష్టం. వీటితో పాటు అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలోకి వచ్చేది, బయటి నుంచి అనుకోకుండా తగిలిన దెబ్బ. మీ స్పీడ్ బ్రేకర్ ఇందులోకే వస్తుంది. ఇంకో బండిని గుద్దితేనే యాక్సిడెంట్ అని ఎక్కడా లేదు. బండి అడుగుభాగం రోడ్డుకు తగిలి పగిలినా యాక్సిడెంటే.

అదే పాలసీలో ఇంకొంచెం కిందికి వస్తే ఇవ్వనివి ఉంటాయి. వాడకం వల్ల అరుగుదల, బండి పాతబడటం వల్ల తగ్గే విలువ, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, ఒక నష్టం వెంట వచ్చే మరో నష్టం. ఫోన్‌లో మీకు చెప్పినాయన ఈ వరుసలోంచి ఒక మాట తీసి చెప్పాడు. బండిని చూడకుండా, సర్వేయర్‌ను పంపకుండా, చాంబర్ పగిలిందో లేదో తెలుసుకోకుండా ఆ మాట చెప్పడం మాత్రం తప్పు. ఇంజన్ సంగతి తర్వాత, కనీసం చాంబర్ మటుకు ప్రమాదంలో పోయిన పార్టు. దాన్ని మెకానికల్ బ్రేక్‌డౌన్ అనడానికి వీల్లేదు.

మీకు వినడానికి కష్టంగా ఉండే మాట ఒకటి చెప్పాలి. పాలసీ షరతుల్లో ఒకటుంది. ప్రమాదం జరిగాక అవసరమైన రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం పూర్తిగా ఓనర్‌దే. గూడెప్పాడ్ దాటాక ఎర్ర లైటు వెలిగినా మీరు నడిపారు. కంపెనీ పట్టుకునేది ఆ కొద్ది కిలోమీటర్లనే. చీకటి పడే వేళ, ఒక్కరే, ఆ లారీల రోడ్డు పక్కన ఆగడం ఎంత భయమో నాకు తెలుసు. మిమ్మల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. అయినా వాళ్ళు ఏ మాట పట్టుకుని కూర్చుంటారో మీకు ముందే తెలిసి ఉండాలి. ఇంకొకటి, ఆ లైటు సంగతి దాచిపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. క్లెయిమ్ ఫారంలో అబద్ధం దొరికితే న్యాయంగా రావాల్సిన చాంబర్ డబ్బులు కూడా పోతాయి. దిగి చూశారు, ఏమీ కనపడలేదు, ఆ తర్వాత లైటు వచ్చింది. ఉన్నదున్నట్టు రాయండి. దెబ్బ తగలగానే ఆగి చూడటం మీ వైపు బలమే.

ఆ ఎర్ర లైటు ఏ బొమ్మదో గుర్తు తెచ్చుకోండి. మూతి దగ్గర చుక్క కారుతున్న నూనె డబ్బా బొమ్మ అయితే ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని అర్థం. నీళ్ళలో ముంచిన థర్మామీటర్ లాంటి బొమ్మ అయితే ఇంజన్ వేడెక్కిందని. రెండోదైతే దెబ్బ తగిలింది చాంబర్‌కు కాదు, రేడియేటర్‌కో, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ పైపుకో కావచ్చు. అప్పుడు నేను కింద చెప్పేదాంట్లో ఆయిల్ బదులు కూలెంట్ అని చదువుకోవాలి. టకటక సౌండ్ అన్నారు కాబట్టి ఆయిల్ అనే నా అనుమానం. ఆయిల్ పొర లేకపోతే క్రాంక్ బేరింగులు ఇనుము మీద ఇనుము రాసుకుని అరిగిపోతాయి. మొదట ఆ చప్పుడు వస్తుంది, ఆ వెంటనే ఇంజన్ పట్టేస్తుంది. దానికి నిమిషాలు చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆయిల్ ఎటు కారింది? షోరూం వాళ్ళు చాంబర్‌కు దెబ్బ అన్నారు, సరే. కానీ మీ ఉత్తరం చివర మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మూడు వారాల ముందే అక్కడే సర్వీస్ చేయించారు. సర్వీస్ అంటే చాంబర్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి పాత ఆయిల్ తీసి, ఫిల్టర్ మార్చి, బోల్టు బిగించి కొత్తది పోస్తారు. ఆ బోల్టు వాషర్ మార్చకపోయినా, సరిగా బిగించకపోయినా, మర పోయేలా బిగించినా, ఆయిల్ అక్కడి నుంచే కారుతుంది. కొత్త ఫిల్టర్ వంకరగా కూర్చున్నా అంతే. అదే జరిగి ఉంటే ఇది ఇన్సూరెన్స్ గొడవ కాదు, వారంటీ గొడవా కాదు. సర్వీస్ చేసినవాళ్ళ పని లోపం. 1,35,000 మొత్తం వాళ్ళే భరించాలి. అలా జరిగిందని నేను అనడం లేదు. చాంబర్ మీది సొట్ట చూపించి షోరూం వాళ్ళు మీతో మాట ముగించేశారు, డ్రెయిన్ బోల్టు చూపించారో లేదో మీరు రాయలేదు. అందుకే అడుగుతున్నాను.

కాబట్టి ఇలా చేయండి. బండిని లిఫ్ట్ మీదికి ఎత్తమనండి. ఇంజన్‌కు మట్టి తగలకుండా కింద బిగించిన కవర్ ఉంటే తీయమనండి. ఏదీ తుడవకముందే ఫోన్‌తో వీడియో తీయండి. సొట్ట రంగు చూడండి. ఆ సాయంత్రం తగిలిన దెబ్బ అయితే రంగు లేచి లోహం మెరుస్తూ ఉంటుంది, గీత బండి పోయే దిక్కుగా ముందు నుంచి వెనక్కి సాగి ఉంటుంది. పాత సొట్ట అయితే మట్టి పేరుకుని, తుప్పు పట్టి ఉంటుంది. ఇనుప రేకు చాంబర్ సాధారణంగా సొట్ట పడుతుంది, అల్యూమినియం చాంబర్ పగులుతుంది. సొట్ట ఉన్నంత మాత్రాన కారినట్టు కాదు, చీలిక కనపడాలి. తర్వాత ఆయిల్ తడి ఎక్కడ మొదలైందో చూడండి. గాలి వేగానికి తడి ఎప్పుడూ వెనక్కి పాకుతుంది కాబట్టి, మరకకు అన్నిటికన్నా ముందున్న చోటే మూలం. ఆ చోటు చీలిక దగ్గరా, బోల్టు దగ్గరా, ఫిల్టర్ దగ్గరా? మూడింటినీ దగ్గరగా ఫొటో తీయండి. చివరగా, చాంబర్‌లో మిగిలిన ఆయిల్‌ను మీ ముందే తీసి కొలవమనండి. చిన్న పెట్రోల్ కార్లలో సుమారు మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. మీ బండి పుస్తకంలో కచ్చితమైన లెక్క ఉంటుంది. అర లీటరే మిగిలితే ఆయిల్ కారిపోయింది, అందులో సందేహం లేదు. దాదాపు మొత్తం ఉంటే మాత్రం కథ పూర్తిగా మారుతుంది. ఆయిల్ ఉండగానే ఇంజన్ పట్టేసిందంటే ఆయిల్ పంపో, లోపలి మరో పార్టో పని చేయలేదని అర్థం. అప్పుడు ఆ సొట్ట పేరు చెప్పి వారంటీ ఎగ్గొట్టడం కుదరదు. ఒక జాగ్రత్త. సొట్ట బాగా లోపలికి పోతే ఆయిల్ పీల్చే గొట్టం మూసుకుపోవచ్చు, అప్పుడు ఆయిల్ ఉన్నా పైకి ఎక్కదు. అదీ చూడాలి.

ఇదంతా మీరు ఒక్కరే నిలబడి చూస్తే, రేపు షోరూం వాళ్ళు "అప్పుడు అలా లేదు" అనగలరు. ఇన్సూరెన్స్ సర్వేయర్, షోరూం సర్వీస్ అడ్వైజర్, మీకు నమ్మకమున్న బయటి మెకానిక్, మీరు, నలుగురూ ఒకేసారి ఉండేలా రోజు పెట్టించండి. విప్పడానికి సంతకం పెట్టేది ఆ తర్వాతే. అప్పుడు కూడా, తీసిన పార్టులు పారేయకుండా ఉంచాలని జాబ్ కార్డు (బండికి చేసే పని షోరూం రాసుకునే కాగితం) మీద మీ చేత్తో రాసి పెట్టండి.

సర్వేయర్ రావాలంటే క్లెయిమ్ నంబర్ ఉండాలి. మీ ఉత్తరం చూస్తే ఫోన్‌లో అడిగి ఊరుకున్నట్టు ఉంది. అడగడం వేరు, క్లెయిమ్ నమోదు చేయడం వేరు. ఈ రోజే కంపెనీ ఈమెయిల్‌కు రాయండి. ఏ రోజు, ఏ చోట, ఎలా తగిలింది, బండి ఎక్కడ ఉంది, సర్వేయర్‌ను పంపండి అని. ఇరవై రోజులు ఆలస్యమైంది అంటారు. నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం ఒక్కటే కారణంగా తోసిపుచ్చవద్దని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబర్‌లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. మీరు ముందే ఫోన్ చేశారు కాబట్టి ఆ కాల్ వివరాలు కూడా జత చేయండి. పాలసీ మీ ఆయన పేరు మీద ఉంటే మాత్రం క్లెయిమ్ ఫారం మీద ఆయన సంతకం కావాలి. షార్జా నుంచి ఆయన పంపిన ఆథరైజేషన్ లెటర్ సరిపోతుందేమో కంపెనీని ముందే అడిగి పెట్టుకోండి. ఫారం దగ్గరే పది రోజులు ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

షోరూం వాళ్ళను కూడా నోటిమాటతో వదలకండి. "బయటి దెబ్బ వల్ల వారంటీ వర్తించదు" అని లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. వాళ్ళు ఇచ్చే ఆ తిరస్కరణ కాగితమే ఇన్సూరెన్స్ వాళ్ళ ముందు మీకు సాక్ష్యం. మెకానికల్ బ్రేక్‌డౌన్ అని వాళ్ళంటే, బండి తయారుచేసిన కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరే ఇది ప్రమాదం అని రాసిచ్చింది చూడండి అనొచ్చు. రాసివ్వడానికి షోరూం వాళ్ళు వెనకాడారంటే వాళ్ళకే ఆ మాట మీద నమ్మకం లేదని అనుకోవచ్చు.

ఇప్పుడు పాలసీ తీసి మొదటి రెండు పేజీలు చూడండి. మీ ఆయన అంటున్న బంపర్ టు బంపర్ అంటే జీరో డిప్రిసియేషన్. ఆ పేరు వినగానే బండిలో ఉన్నదంతా వస్తుందనుకుంటారు. అది కోతను తీసేస్తుంది, అంతే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు పార్టుల మీద 50 శాతం కోస్తారు. ఇనుప పార్టుల మీద బండి వయసును బట్టి కోత ఉంటుంది, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళ లోపు బండికి 25 శాతం. జీరో డిప్ ఉంటే ఆ కోత ఉండదు. పాలసీ ఒప్పుకోని నష్టాన్ని ఒప్పించే శక్తి దానికి లేదు. మీరు వెతకాల్సింది వేరే పేరు. ఇంజన్ ప్రొటెక్ట్ అనో, ఇంజన్ సెక్యూర్ అనో, ఇంజన్ గేర్‌బాక్స్ కవర్ అనో ఉంటుంది. బండి అడుగున దెబ్బ తగిలి ఆయిల్ కారి ఇంజన్ చెడితే, లేదా నీళ్ళు లోపలికి పోయి చెడితే ఇచ్చేది అది. బయటి దెబ్బ కళ్ళకు కనపడాలన్న షరతు అందులో ఉంటుంది. మీకు ఆ కవర్ ఉంటే, మీ బండి మీది సొట్ట మీకు నష్టం కాదు, మేలు. దెబ్బ తర్వాత జాగ్రత్త తీసుకున్నారా అన్న ప్రశ్న అప్పుడూ వస్తుంది, కానీ పోరాడదగిన కేసు అవుతుంది.

ఆ కవర్ లేకపోతే? ఉన్న మాట చెబుతాను. చాంబర్, దాని గ్యాస్కెట్, కొత్త ఆయిల్ కలిపి వచ్చేది పది వేల లోపే ఉంటుంది. ఇంజన్ డబ్బులు ఇన్సూరెన్స్ నుంచి రావడం కష్టం. అప్పుడు ఆ పది వేల కోసం క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది కూడా లెక్క వేసుకోవాలి. మూడేళ్ళు క్లెయిమ్ లేకుండా ఉంటే ఇప్పుడు మీకు సొంత నష్టం ప్రీమియం మీద 35 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఉంటుంది, వచ్చే ఏడు 45, ఆ తర్వాత 50. ఒక్క క్లెయిమ్ తీసుకుంటే అది సున్నాకు పడిపోయి మళ్ళీ 20 నుంచి మొదలవుతుంది. పైగా 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లోనూ 1,000 రూపాయలు మనమే భరించాలి. చాంబర్ వరకే వస్తుందని తేలితే, డబ్బు చేతికి రాకముందే క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వడం మేలు కావచ్చు. ఆ నిర్ణయం ఇప్పుడు కాదు, సర్వేయర్ రిపోర్టు వచ్చాక.

ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి కొంచెం. వారంటీ అడిగే ప్రశ్న వేరు. ఈ పార్టు తయారీలోనో పదార్థంలోనో లోపం ఉందా అని. ఉంటే మార్చి ఇస్తుంది. రోడ్డు మీద దెబ్బ దాని పరిధి కాదు. క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్‌లు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు లాంటి అరిగిపోయేవి ఇవ్వదు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. ఏళ్ళూ కిలోమీటర్లూ రెండూ రాసి ఉంటాయి, ఏది ముందు దాటితే అక్కడితో అయిపోతుంది. మీ పుస్తకంలో సర్వీసులన్నీ వేళకు స్టాంపు పడి ఉన్నాయా చూసుకోండి, గొడవ ముదిరితే వాళ్ళు వెతికేది అదే. ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం మీద ఎవరి పేరుందో కూడా చూడండి. కొన్నిసార్లు అది బండి కంపెనీది కాదు, వేరే సంస్థది, షరతులు కూడా వేరుగా ఉంటాయి. వాళ్ళకు విడిగా రాయాలి, షోరూం అడ్వైజర్ మాటే వాళ్ళ మాట కాదు.

ఇవన్నీ చేశాక కూడా పని కాకపోతే ఎక్కడికి పోవాలో చెబుతాను. ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. కాదన్నా, నెల దాటినా బదులు రాకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాది లోపు వెళ్ళాలి. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. సర్వీస్ లోపమో, వారంటీ ఎగవేతో అయితే అంబుడ్స్‌మన్ పని కాదు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేయండి, చాలాసార్లు కంపెనీ పైవాళ్ళ దాకా విషయం అక్కడే చేరుతుంది. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రెండేళ్ళ గడువు ఉంటుంది. ఒకే విషయం మీద అంబుడ్స్‌మన్ దగ్గరా కమిషన్ దగ్గరా ఒకేసారి నడపడం మాత్రం కుదరదు.

ఇదే విషయం మీద ఇంకొందరు కూడా రాశారు కాబట్టి, వాళ్ళ కోసం రెండు మాటలు. బ్రేక్ ఫెయిలై బండి చెట్టును గుద్దితే, నలిగిన బానెట్‌కు, పగిలిన లైట్లకు ఇన్సూరెన్స్ వస్తుంది, చెడిన బ్రేకు పార్టుకు రాదు. వైరింగ్ చెడిపోతే రాదు, అదే వైరింగ్ వల్ల మంటలు లేచి బండి కాలితే వస్తుంది. టైరు ఒక్కటే పేలితే రాదు, అదే దెబ్బలో బండికి కూడా నష్టం జరిగితే టైరు ధరలో సగం వస్తుంది. పాత బండి కొన్నవాళ్ళు పాలసీని 14 రోజుల్లో తమ పేరు మీదికి మార్పించుకోవాలి. అమ్మినవాళ్ళ నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది మనిషిదే.

వరద మాట వేరుగా చెప్పాలి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది, హన్మకొండలో నాలాలు పొంగి ఇళ్ళ ముందు పెట్టిన కార్లు మునిగాయి. మా బావమరిది కారు కూడా సీట్ల దాకా మునిగింది. పొద్దున నీళ్ళు తీశాక, స్టార్ట్ అవుతుందో లేదో చూద్దామని తాళం తిప్పాడు. సిలిండర్లలో నిలిచిన నీళ్ళు గాలిలా నలగవు. లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. సీట్లు, కార్పెట్లు, వైరింగ్‌కు కంపెనీ డబ్బులిచ్చింది. ఇంజన్‌కు ఇవ్వలేదు, వరద చేసిన నష్టం కాదు, తాళం తిప్పడం వల్ల జరిగిన నష్టం అంది. ఇంజన్ కవర్‌కు ఏటా కట్టాల్సిన చిన్న మొత్తం మిగులుతుందని ఆ ఏడు వద్దన్నాడు. మునిగిన బండిని తాళం తిప్పకుండా తోసుకుంటూనో, టోయింగ్ బండి మీదో షెడ్డుకు చేర్చండి. బ్యాటరీ వైరు తీసేయండి.

అమ్మా, మీ దగ్గరికి మళ్ళీ వస్తాను. బండి లిఫ్ట్ మీదికి ఎక్కిన రోజు తీసిన ఫొటోలు, కొలిచిన ఆయిల్ లెక్క, మూడు వారాల కిందటి సర్వీస్ బిల్లు, పాలసీ మొదటి రెండు పేజీలు నాకు పంపండి. డ్రెయిన్ బోల్టు ఫొటో మర్చిపోకండి. అవి చూసి ఇన్సూరెన్స్‌కు రాయాలో, షోరూంకు రాయాలో చెబుతాను. ఆ ఉత్తరం కూడా నేనే రాసి పెడతాను, మీరు సంతకం చేసి పంపిద్దురు.